పొయ్యిలో పొదుపు.. శ్లాబులో బరువు

విశాఖపట్నం: వంటగ్యాసు ఓడలు లంగరు వేసే రేవు, బొగ్గును మండించి కరెంటు తీసే సింహాద్రి, ఇనుమును కరిగించే ఉక్కు కర్మాగారం.. ఈ మూడూ గంటన్నర ప్రయాణంలో చుట్టి రాగల దూరంలో ఉన్న నగరమిది. ఇంధనం విలువ తెలిసిన ఈ నగరంలో ఇప్పుడు వంటింటి గట్టు మీద ఓ చిన్న ఎలక్ట్రానిక్ పరికరం గ్యాసు పొయ్యికి పోటీగా నిలిచింది. ఇండక్షన్ పొయ్యి వేగంగా వండుతుందని, ఇంధనాన్ని ఆదా చేస్తుందని తయారీదారులు చెబుతున్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆదా అయిన వేడి ఆదా అయిన రూపాయిగా మారుతుందా లేదా అన్నది పొయ్యి చేతిలో లేదు. నెలకోసారి తీసే మీటరు రీడింగు ఏ శ్లాబులో పడుతుందన్న దానిపైనే అది ఆధారపడి ఉంది.

ఈ పొయ్యి తెలుగువారికి కొత్తదేమీ కాదు. 2012 సెప్టెంబరులో కేంద్రం రాయితీ సిలిండర్లను ఇంటికి ఏడాదికి ఆరుకు పరిమితం చేసినప్పుడు దుకాణాల్లో వీటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. విచిత్రమేమిటంటే ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ కోతలు ముమ్మరంగా అమలైన కాలం కూడా అదే. గ్యాసు చాలదని పొయ్యి కొన్నవారికి, పొయ్యి వెలిగించే వేళకు కరెంటు లేకపోయింది. 2013 జనవరిలో సిలిండర్ల సంఖ్యను తొమ్మిదికి, 2014లో పన్నెండుకు పెంచడంతో చాలా ఇళ్లలో ఆ పొయ్యిలు అటకెక్కాయి. ఇప్పుడు అవి కిందికి దిగుతున్నాయి. కనుక ఈసారైనా లెక్క ముందే వేసుకోవడం అవసరం.

మంట లేని వేడి

ఇండక్షన్ పొయ్యిలో మంట ఉండదు, ఎర్రగా కాలే తీగ కూడా ఉండదు. పైనున్న గాజు పలక కింద రాగి తీగల చుట్ట ఒకటి ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. పొయ్యిలోని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ దానిని మొదట ఏకముఖ విద్యుత్తుగా మార్చి, తర్వాత ఐజీబీటీ అనే స్విచ్ సాయంతో సెకనుకు 20 వేల సార్లకు మించి దిశ మారేలా చేసి రాగి చుట్టలోకి పంపుతుంది. దానితో చుట్ట పైన అంతే వేగంగా మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో ఇనుప గిన్నెను ఉంచితే గిన్నె అడుగులోనే సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. మిల్లీమీటరులో కొద్ది భాగం మందమున్న పైపొరలోనే అవి తిరుగుతాయి గనుక అక్కడ వేడి క్షణాల్లో పుట్టుకొస్తుంది. అంటే ఇక్కడ పొయ్యి గిన్నెను వేడి చేయదు. గిన్నే తనంత తాను వేడెక్కుతుంది. గాజు పలకకు తగిలే వేడి గిన్నె నుంచి తిరిగి వచ్చినదే.

1831లో ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే దీనికి మూలం. ఉక్కునగరానికి ఈ సూత్రం వంటింటి కంటే ముందే పరిశ్రమ ద్వారా పరిచయం. దేశంలో తయారయ్యే ముడి ఉక్కులో సుమారు మూడో వంతు ఇండక్షన్ కొలుముల్లో తుక్కు ఇనుమును, స్పాంజ్ ఐరన్‌ను కరిగించి తీసేదే. విశాఖ ఉక్కు మార్గం వేరు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు కోకింగ్ బొగ్గుతోనే నడుస్తాయి. యంత్రాల మరమ్మతు శాలల్లో బేరింగును వ్యాకోచింపజేసి ఇరుసుపై ఎక్కించడానికి, మందుల పరిశ్రమలో మాత్రల సీసా మూతికి అల్యూమినియం రేకును సెకను వ్యవధిలో అతికించడానికి ఇదే పద్ధతిని వాడుతున్నారు. కావలసిన చోట, కావలసినంత సేపు మాత్రమే వేడి పుట్టించడం దీని ప్రత్యేకత. చుట్టుపక్కల గాలి, మూత, సీసా చల్లగానే ఉంటాయి.

వంటింట్లో ఫలితం ఎలా ఉంటుందో ఒక లెక్క చూడవచ్చు. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 0.08 యూనిట్ల వేడి చాలు. ఇండక్షన్ పొయ్యి తీసుకున్న కరెంటులో 85 శాతం వరకు గిన్నెకు చేరుతుంది. కాబట్టి మీటరులో తిరిగేది యూనిట్‌లో పదో వంతు లోపే. 2000 వాట్ల పొయ్యిపై దీనికి పట్టేది దాదాపు మూడు నిమిషాలు. రెండు గ్లాసుల టీ నీళ్లయితే నిమిషంలో తెర్లుతాయి.

గ్యాసు పొయ్యి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గ్యాసులో 40 శాతమే గిన్నెకు చేరుతుందన్న లెక్క తరచూ వినిపిస్తుంది. అది అమెరికాలోని పొయ్యిల నుంచి వచ్చిన అంకె. మన దేశంలో ఎల్పీజీ పొయ్యికి ఐఎస్‌ఐ ముద్ర దక్కాలంటే కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలి. అయితే అది పరీక్షశాలలో, పెద్ద పాత్రతో తేల్చే విలువ. పెద్ద బర్నరుపై చిన్న గిన్నె పెట్టి, మంట పక్కల నుంచి పైకి ఎగసేలా వండే ఇళ్లలో అంత రాదు. అన్నిటినీ కలిపి చూస్తే 60 శాతం అనుకోవడం న్యాయం.

సిలిండరుకు ఎన్ని యూనిట్లు?

14.2 కిలోల సిలిండరులో ఉన్న గ్యాసు పూర్తిగా మండితే దాదాపు 180 యూనిట్ల వేడి వస్తుంది. అందులో 60 శాతం వంటకు పనికొస్తే 108 యూనిట్లు. అదే పనిని ఇండక్షన్ పొయ్యి చేయాలంటే సుమారు 127 యూనిట్ల కరెంటు కావాలి. నలుగురున్న ఇంటికి సిలిండరు నెలన్నర వస్తుందనుకుంటే, వంట మొత్తం ఇండక్షన్‌కు మారిస్తే నెలకు 85 యూనిట్ల వరకు అదనంగా తిరుగుతాయి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022లో గృహ వినియోగదారులకు నిర్ణయించిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. తర్వాతి ఏళ్లలోనూ ఈ శ్లాబులు కొనసాగాయి. పొయ్యి వల్ల పెరిగే యూనిట్లు ఎప్పుడూ నిచ్చెన చివరి మెట్టు మీదే పడతాయి. మొదటి మెట్టు చవక ధర వాటికి వర్తించదు.

నెలకు 60 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుందాం. 85 యూనిట్లు కలిస్తే బిల్లు 390 రూపాయలు పెరుగుతుంది. సిలిండరు వచ్చే నెలన్నరకు లెక్కిస్తే 585 రూపాయలు. 150 యూనిట్లు కాల్చే ఇంట్లో నెలన్నరకు పడే అదనపు భారం దాదాపు 806 రూపాయలు. 300 యూనిట్ల ఇంట్లో అది 1,115 రూపాయలకు చేరుతుంది. సర్దుబాటు ఛార్జీలు, విద్యుత్ సుంకం దీనికి అదనం. 2025 ఏప్రిల్‌లో సిలిండరు ధరను 50 రూపాయలు పెంచినప్పుడు ఢిల్లీలో అది 853 రూపాయలైంది. రవాణాను బట్టి ఊరూరా కొంత తేడా ఉన్నా, ఆ ధరతో పోలిస్తే మొదటి ఇంటికి 31 శాతం లాభం, రెండో ఇంటికి లాభం నామమాత్రం, మూడో ఇంటికి 31 శాతం నష్టం.

కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్‌ఎల్ 2023 నవంబరులో 20 లక్షల ఇండక్షన్ పొయ్యిలను పంపిణీ చేసే కార్యక్రమాన్ని ప్రకటించింది. సంప్రదాయ వంటతో పోలిస్తే ఖర్చు 25 నుంచి 30 శాతం తగ్గుతుందని అప్పట్లో చెప్పింది. పై లెక్కలో ఆ మాట మొదటి ఇంటికి అచ్చంగా సరిపోతోంది. కానీ ఆ ఇంటివారు పొయ్యి కొనేందుకు దుకాణానికి వెళ్లడం లేదు. వెళ్తున్నది రెండో ఇంటివారు, మూడో ఇంటివారు.

మొదటి ఇల్లు వెళ్లకపోవడానికి కారణాలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభించిన దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. నెలన్నరకొకటి చొప్పున ఎనిమిది సిలిండర్లు వాడే ఇంటికి ఇక కొనవలసినవి ఐదే. ఆ ఐదింటినీ కరెంటుతో భర్తీ చేస్తే ఏడాదికి మిగిలేది సుమారు 1,340 రూపాయలు. పొయ్యి ఖరీదు, దానికి తగిన గిన్నెల ఖరీదు కలిపి చూస్తే పెట్టుబడి తిరిగి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. రోజుకూలి మీద బతికే కుటుంబం అంత దూరం ఆలోచించి అప్పు చేస్తుందని అనుకోలేం. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లోని ఇళ్లకు ఉచిత విద్యుత్ పరిమితిని 2019లో 200 యూనిట్లకు పెంచారు. కాగితంపై చూస్తే ఈ పొయ్యి వల్ల అత్యధికంగా లాభపడేది వారే. 60 యూనిట్ల వాడకానికి 85 చేర్చినా పరిమితి దాటదు. అయితే లోవోల్టేజీతో బల్బే మిణుకుమిణుకుమనే కొండ ఊళ్లలో 2000 వాట్ల పొయ్యి ఏ మేరకు పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న.

డిసెంబరులో లాభం.. మేలో నష్టం

విశాఖ వాతావరణం ఈ లెక్కకు మరో మలుపు తిప్పుతుంది. చలికాలంలో ఇక్కడ ఏసీ అవసరం అంతగా ఉండదు. ఏప్రిల్ వచ్చేసరికి ఉక్కపోత మొదలై రాత్రంతా ఏసీ నడవక తప్పదు. దాంతో డిసెంబరులో 150 యూనిట్లు కాల్చిన ఇల్లే మే నెలలో 300 దాటుతుంది. అంటే అదే పొయ్యి, అదే వంట చలికాలంలో గ్యాసు కంటే కాస్త చవక, వేసవిలో గ్యాసు కంటే బాగా ఖరీదు. గట్టు మీద రెండు పొయ్యిలూ ఉన్న గృహిణి శ్లాబు చూసుకొని వాడుకోవడమే తెలివైన పని. నీళ్లు కాచడం, టీ, పాలు, కుక్కరు వంటివి ఇండక్షన్‌పై, మిగతావి గ్యాసుపై అని పంచుకున్నా నెలకు 30, 40 యూనిట్లకు మించదు. 75 నుంచి 125 యూనిట్ల మధ్య ఉన్న ఇంటికి ఈ మార్గంలో నికరంగా లాభమే.

గిన్నెల సంగతి కూడా చిన్నది కాదు. అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే ఆ పాత్ర పొయ్యికి పనికొస్తుంది. మన వంటిళ్లలో తరతరాలుగా ఉన్న అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, మట్టి కుండ.. వీటిలో దేనికీ ఆ యోగ్యత లేదు. స్టీలు గిన్నెల్లోనూ చాలా వాటికి అయస్కాంతం అంటదు. ఇనుప అట్ల పెనం మాత్రం దర్జాగా పనిచేస్తుంది. గుండ్రటి అడుగున్న మూకుడు గాజు పలకపై నిలవదు. నిప్పు మీద కాల్చిన వంకాయతో పచ్చడి చేసుకునే అలవాటున్న ఉత్తరాంధ్రలో గ్యాసు పొయ్యిని పూర్తిగా సాగనంపే ఇల్లు దొరకడం కష్టమే. చవక రకం పొయ్యిలు సన్నని సెగను ఇవ్వలేవు. కాసేపు పూర్తి శక్తితో ఆడి, కాసేపు ఆగి, సగటున తక్కువ వేడి ఇచ్చినట్లు చూపుతాయి. పాలు పొంగిపోయేది అందుకే.

బొగ్గు కుప్ప నుంచి చూస్తే

పరవాడ వద్ద ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం మొదటి యూనిట్ 2002లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇప్పుడు దాని సామర్థ్యం 2,000 మెగావాట్లు. బొగ్గును మండించినప్పుడు వచ్చే వేడిలో ఇటువంటి కేంద్రాలు కరెంటుగా మార్చగలిగేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. తీగల్లో పోయేది తీసివేస్తే ఇంటికి చేరేది నూటికి 33 పాళ్లు. అందులో 85 శాతం గిన్నెకు చేరినా, బొగ్గు కుప్ప నుంచి లెక్కిస్తే నూటికి 28 పాళ్లే. గ్యాసు పొయ్యి 60 పాళ్లు ఇస్తోంది. కనుక ఇండక్షన్ పొయ్యి ఇంధనాన్ని ఆదా చేస్తుందన్న మాట వంటింటి గడప వరకే నిజం. గడప దాటి పరవాడ దాకా వెళ్తే అది నిలవదు.

సూర్యరశ్మితో తీసిన కరెంటు వాటా పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది. సింహాద్రి జలాశయంపైనే 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలను ఎన్టీపీసీ నెలకొల్పింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ఇంటి పైకప్పు యూనిట్‌కు 78 వేల రూపాయల వరకు రాయితీ లభిస్తోంది. పైకప్పుపై సొంత ఫలకాలున్న ఇంట్లో శ్లాబు గొడవ చాలావరకు తగ్గుతుంది. అయితే వంట జరిగేది ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్లీ రాత్రి ఏడు తర్వాత. ఎండ కాసేది మధ్యాహ్నం. కేంద్రం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు పగటి ఎండ వేళ ధర తగ్గించాలని, గరిష్ఠ డిమాండ్ వేళ కనీసం పది శాతం పెంచాలని నిర్దేశించాయి. స్మార్ట్ మీటర్లతో అది గృహాలకు వర్తించిన నాడు రాత్రి వంట మరింత ప్రియమవుతుంది.

తీగల సామర్థ్యం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2000 వాట్ల పొయ్యి దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యాన్లు, బల్బుల కోసం వేసిన చిన్న సాకెట్ దానిని తట్టుకోలేదు. 16 ఆంపియర్ల సాకెట్, తగిన మందమున్న తీగ, ఎర్తింగు ఉండాలి. పాత బస్తీల్లోని అద్దె ఇళ్లలో ఇవి ఉన్నవి ఎన్ని? కిలోవాట్ లోడుకే ఒప్పందం చేసుకున్న ఇంటివారు అదనపు లోడుకు రుసుము చెల్లించాలి. వీధిలోని యాభై ఇళ్లు రాత్రి ఏడున్నరకు ఒకేసారి 1,500 వాట్ల చొప్పున వాడితే 75 కిలోవాట్లు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఉన్న వీధిలో అది సామర్థ్యానికి మించిన భారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఆనాడు ఇళ్లలో వంట సాగించింది గ్యాసు సిలిండర్లూ కట్టెల పొయ్యిలే. తుపాను తీరంలో ఒక్క కరెంటునే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది.

రేవు చెప్పే మాట

ఇన్ని చిక్కులున్నా ఈ పొయ్యిని తోసిపుచ్చలేం. దేశం ఏడాదికి సుమారు మూడు కోట్ల టన్నుల వంటగ్యాసు వాడుతుండగా అందులో సగానికి పైగా దిగుమతే. దశాబ్దాలుగా అందులో అత్యధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి వస్తోంది. ఆ గ్యాసుకు తూర్పు తీరంలో విశాఖ ప్రధాన ముఖద్వారం. హెచ్‌పీసీఎల్, ఫ్రాన్స్‌కు చెందిన టోటల్ సంస్థ కలిసి డాల్ఫిన్స్ నోస్ సమీపాన కొండరాతి లోతుల్లో తొలిచిన 60 వేల టన్నుల భూగర్భ నిల్వ కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. ఎక్కడో సముద్రం అవతల యుద్ధ మేఘాలు కమ్మితే ఇక్కడ సిలిండరు బరువెక్కుతుంది. సింహాద్రికి వచ్చే బొగ్గు ఒడిశాలోని తాల్చేరుది. కాలుష్యం మాట ఎలా ఉన్నా, విదేశీ మారకద్రవ్యం లెక్కలో ఈ తేడా చిన్నది కాదు.

గ్యాసుతో వచ్చే ప్రమాదం ఈ నగరానికి ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాసు లీకై చెలరేగిన మంటల్లో దాదాపు 60 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇంట్లో లీకేజీ, మంట, చీర కొంగు అంటుకునే భయం ఇండక్షన్‌తో ఉండవు. గిన్నె తీయగానే వేడి పుట్టడం ఆగిపోతుంది. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు మాత్రం పొయ్యికి రెండడుగుల దూరంలో ఉండాలని వైద్యులు సూచిస్తారు.

విద్యుత్ పంపిణీ సంస్థలు ఏటా నవంబరు నెలాఖరులోగా మరుసటి ఏడాది ఆదాయ వ్యయాల ప్రతిపాదనలను నియంత్రణ మండలికి సమర్పిస్తాయి. ఆపై బహిరంగ విచారణ జరుగుతుంది. అభ్యంతరం తెలిపే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. ఒక చేత్తో పొయ్యిలు పంచుతూ, మరో చేత్తో ఆ పొయ్యి కాల్చే యూనిట్‌ను 8.75 రూపాయల శ్లాబులోకి నెట్టే విధానం గురించి అక్కడ అడగవలసి ఉంది. గ్యాసు కనెక్షన్‌ను వదులుకున్న ఇంటికి వంట కోసం నెలకు 80 యూనిట్లను శ్లాబుతో నిమిత్తం లేకుండా 4.50 రూపాయలకే ఇస్తే నెలన్నరకు 540 రూపాయలవుతుంది. అది సిలిండరు కంటే చవక. డిస్కంకు కలిగే ఆ లోటును ఎవరు భరించాలి, గ్యాసు రాయితీలో మిగిలే సొమ్మును అందుకు మళ్లించవచ్చా అన్నది రాష్ట్ర ప్రభుత్వం, నియంత్రణ మండలి కలిసి తేల్చవలసిన అంశం.